తూకం తప్పిన ప్లగ్గు

“ఏరికోరి తెచ్చావురా దీన్ని,” అంది అక్క, తమ్ముడి ముఖం ముందు ఫోను ఆడిస్తూ. “స్మార్ట్ ప్లగ్గట. పేరులో తప్ప తెలివి ఎక్కడా లేదు.”

తమ్ముడికి ఒళ్లు మండింది. అయినా ప్లగ్గు చూడ్డానికి ట్రెడ్‌మిల్ వెనక చతికిలపడ్డాడు.

బావకి గుండె డాక్టరు తెగేసి చెప్పాడు: రోజూ నడవాలి, లేదంటే ఆపరేషనే. వీధిలో నడవడం బావకి నామోషీ. అందుకే ఈ మిషను కొన్నారు. అక్క ఆస్పత్రిలో నర్సు, తెల్లవారగానే డ్యూటీకి పోతుంది. ఆయన నడిచిందీ లేనిదీ అక్కడి నుంచే ఫోనులో చూసుకుంటుందని, మిషను ఎంత కరెంటు లాగుతోందో ఫోనుకి చెప్పే ఈ ప్లగ్గుని తమ్ముడు బిగించాడు.

మిషను రోజూ తిరుగుతోంది. కరెంటు మాత్రం ఖాళీ బెల్టు తిరిగితే కాలేదానికంటే కాస్త ఎక్కువ, అంతే.

“ఆయనంత మనిషి ఎక్కితే మోటారు మూలగద్దూ? దీనికి ఆ బరువే తెలియడం లేదు.”

“చవక సరుకు,” అన్నాడు బావ సోఫాలోంచి, పొట్ట మీద పేపరు పరుచుకుని. “నేను ముందే చెప్పాను.”

అబ్బో, చెప్పొచ్చారు, అనుకున్నాడు తమ్ముడు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ప్లగ్గు ఇంకో సాకెట్‌కి మార్చాడు. చివరికి ఇస్త్రీ పెట్టె తగిలించి చూశాడు. పెట్టె మీద ఎన్ని వాట్లని రాసి ఉందో, ప్లగ్గు ఇంచుమించు అంతే చూపించింది.

“ప్లగ్గులో ఏ లోపమూ లేదక్కా. అసలు బావ నడుస్తున్నాడా?”

“నోర్ముయ్. నడక అయ్యాక రెండు బిస్కెట్లు తినమన్నాను. డబ్బా ఎలా ఖాళీ అవుతోందో చూడు. పాపం ఆయన చెమటోడుస్తుంటే నీ ప్లగ్గు దొంగ లెక్కలు చెబుతోంది.”

బావ నిండుగా తలూపాడు. ఆ తలూపుడు చూస్తే తమ్ముడికి ప్లగ్గు పీకి నేలకేసి కొట్టాలనిపించింది.

అక్క దారికడ్డంగా పడుకున్న కుక్కని కాలితో పక్కకి జరిపింది. “దీనికీ సిగ్గు లేదు. ఒకప్పుడు షికారంటే గుమ్మం దగ్గర గెంతేది. ఇప్పుడు పిలిచినా లేవదు. పగలంతా పడకే. మీ బావని చూసైనా నేర్చుకోదు.”

“సరే అక్కా, బావని ఇప్పుడు ఎక్కమను. రీడింగు అందరం చూద్దాం.”

“చూపిస్తారు, చూడు. ఏవండీ, లేవండి.”

బావకి ఉన్నట్టుండి మోకాలు గుర్తొచ్చింది. “ఇవాళ కాస్త పట్టేసిందే...”

“రెండు నిమిషాలు నడవండి చాలు. వీడి నోరు మూతపడాలి.” అక్క మీట నొక్కింది. మిషను కూత పెట్టింది, బెల్టు కదిలింది.

ఆ కూత వినగానే కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, ఎవరి వంకా చూడకుండా బెల్టు మీదికెక్కి, బిస్కెట్ల డబ్బా వైపు ముఖం పెట్టి అలవాటుగా నడవసాగింది.