ఏదుపంది ఒట్టు

ముసలి సింహం పోయాక దాని తమ్ముడు గద్దెనెక్కాడు. ఆ అడవిలో రాజు మారినప్పుడల్లా సలహాదారు ప్రతివాడూ రాజుగారి బండ మీద కాలు పెట్టి, కొలువులో విన్నది బయటపెట్టనని ఒట్టెయ్యాలి. ముసలి ఏదుపంది ఈ కొత్త రాజుతో కలిపి ఇప్పటికి ముగ్గురు రాజులకు అలా ఒట్టేసింది.

ఆ రోజు సలహాదారులందర్నీ గుహ బయట ఎండలో కూర్చోబెట్టి, కొత్త రాజు నక్కనీ తోడేలునీ మాత్రం లోపలికి తీసుకెళ్ళాడు. పొద్దు వాలాక నక్క, దాని వెనకే తోడేలు బయటికొచ్చాయి.

"ఇకనుంచి వాగు తోడేళ్ళది. మీ అందరి సలహా మీదే రాజుగారు ఇలా నిర్ణయించారు," అంది నక్క.

ఏదుపందికి ఒళ్ళు మండిపోయింది. దాని పిల్లలు తాగేది ఆ వాగు నీళ్ళే. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"మమ్మల్ని ఎవడడిగాడు?" అంది.

"గొంతు తగ్గించు, పెద్దాయనా. నువ్వు ఒట్టేశావు," అంది నక్క.

"విన్నది చెప్పనని ఒట్టేశాను. పొద్దుటినుంచీ మీరు నాకొక్క ముక్క వినిపించలేదు. సలహా మీరు అడగలేదు, నేను ఇవ్వలేదు. వాగు దగ్గరికెళ్ళి అందరికీ ఆ మాటే చెబుతాను," అని ఏదుపంది కదిలింది.

తోడేలు దారికి అడ్డొచ్చింది గానీ, ఆ ముళ్ళు చూసి పక్కకు తప్పుకుంది.