పుస్తకం విషయం మాట్లాడడానికి వచ్చిన మనిషి

పళ్ళ డాక్టరు దగ్గరికి పంటినొప్పి లేని మనిషి రావడం ఆ రిసెప్షనిస్టు ఎప్పుడూ చూడలేదు.

"పేరు చెప్పండి, చీటీ రాస్తాను," అంది.

"పంటి కోసం కాదమ్మా. మీతోనే పని." పెద్దాయన కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు. "పుస్తకం విషయం మాట్లాడదామని వచ్చాను."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

వస్తాడన్న మనిషి రానే వచ్చాడు.

ఆ పుస్తకం గొడవ క్లినిక్కులో అందరికీ తెలుసు. ఓ ప్రచురణ సంస్థ పెట్టిన కవితల పోటీలో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. బహుమతి అంటే, ఆమె కవితల్ని ఆమె ఖర్చుతోనే అచ్చువేస్తారు. తీరా సభ రోజున హాల్లో అడుగుపెడితే, కూర్చున్న వాళ్ళందరిదీ మొదటి బహుమతే. ఒకరి మెడలో పతకం చూసి ఇంకొకరు ముఖం తిప్పుకున్నారు.

పుస్తకాలు మంచం కింద అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయి. పిన్ని ఒకతె పేజీలు తిరగేసి, "అక్షరాలు భలే పెద్దవి వేశారే!" అని మెచ్చుకుంది. డాక్టరుగారికిచ్చిన పుస్తకం ఎక్స్‌రే మిషను కాలు కింద ఎత్తు కోసం పెట్టి ఉంది.

ఒక్కరంటే ఒక్కరు చదివి, ఒక్క మాట చెప్పకపోతారా అని ఆ పిచ్చితల్లి ఎంత ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

అది చాలదన్నట్టు సంస్థవాళ్ళవి ఫోన్ల మీద ఫోన్లు. రెండో ముద్రణకు కూడా ఆమె సంతకం పెట్టిందట, డబ్బు కట్టాలట. కట్టనంటే, "అయితే మా మనిషే వచ్చి మాట్లాడతాడు మేడమ్," అన్నారు. ఆనాటి నుంచి తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతోంది.

"ఇక్కడ కాదు. వెళ్ళిపోండి," అంది.

"మీ పని కానివ్వండమ్మా. కూర్చుంటాను."

కూర్చున్నాడు. సరిగ్గా ఆమెకు ఎదురుగా. ఒళ్ళో గుడ్డసంచీ. చెయ్యి సంచీలోకి పోతోంది, మళ్ళీ ఖాళీగా బయటికొస్తోంది.

ఆ కంగారులో పన్ను పీకించుకోవలసినాయనకు కట్టుడుపళ్ళ చీటీ ఇచ్చింది.

"ఏంటక్కా, చీటీలు తారుమారవుతున్నాయి?" అన్నాడు కాంపౌండరు.

"ఆ ఎదురుగా కూర్చున్న మనిషి పోవట్లేదు."

"అప్పులవాళ్ళా?"

"అంతకంటే చెడ్డవాళ్ళు. కవిత్వంవాళ్ళు."

కాంపౌండరు నవ్వుకుంటూ లోపలికెళ్ళాడు. ఆమెకు నవ్వు రాలేదు. గది ఖాళీ అవుతున్నకొద్దీ మాటిమాటికీ తలుపుకేసి చూసింది.

ఆఖరి పేషెంటు లోపలికెళ్ళగానే పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు.

"ఒక్కరే ఉంటారు కదమ్మా?"

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"పడుకునేటప్పుడు కూడా వంటింట్లో లైటు ఆర్పరు కదా. అమ్మగారి గది తాళం... ఇంకా తియ్యలేదా?"

అది ఆమె ఎవరి దగ్గరా నోరు తెరిచి చెప్పిన సంగతి కాదు. పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. అంటే ఇంటి చుట్టూ తిరుగుతున్నాడన్నమాట. కిటికీలోంచి చూస్తున్నాడన్నమాట.

"తమ్ముడూ!" అని కెవ్వున అరిచింది. "గెంటెయ్యండి ఇతన్ని!"

కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు. వెనకే వాచ్‌మన్.

"అయ్యో, ఒక్క మాట చెప్పి..."

చెప్పనివ్వలేదు. మెడ పట్టుకుని మెట్ల మీదినుంచి తోశారు. కళ్ళజోడు ఎగిరి కింద పడింది. పెద్దాయన దాన్ని తడుముకుని ఏరుకున్నాడు. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"భయపెట్టేశాను. తప్పైపోయిందమ్మా. ఇంకెప్పుడూ రాను."

జనంలో కలిసిపోయాడు.

ఆమె తలుపు గడియ పెట్టింది. మంచినీళ్ళు తాగింది. ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని సంస్థకు ఫోన్ చేసింది.

"మీ మనిషిని తరిమేశాం. మళ్ళీ పంపితే పోలీసులకు పట్టిస్తాను!"

"మా మనిషా?" గుమాస్తా తికమకపడ్డాడు. "మాకు మనుషులెక్కడున్నారు మేడమ్? ఆ మాట ఊరికే అంటాం, భయపడి కడతారని."

"అబద్ధం! పుస్తకం విషయమన్నాడు. మా ఇంటి గుట్టంతా చెప్పాడు."

"గుడ్డసంచీ పెద్దాయనా? ఆయనా! మొన్న వాన పడుతుంటే మా వరండాలోకొచ్చారు. ఏదో తోచక మీ పుస్తకం తీశారు. నిలబడే మొత్తం చదివేశారు మేడమ్. వంటింటి దీపం గురించీ, మీ అమ్మగారు పోయాక తెరవని గది గురించీ రాశారట కదా. 'మా ఆవిడ పోయాక నేనూ దీపం ఆర్పలేదయ్యా, ఈమెకా మాట చెప్పాలి' అని కళ్ళు తుడుచుకున్నారు. డబ్బిచ్చి కొనుక్కున్నారు. జాలేసి మీ క్లినిక్కు అడ్రసు నేనే చెప్పాను."

ఆమె ఫోను చెవికి అదిమి పెట్టుకుంది.

"ఆయన పేరేంటి? ఎక్కడుంటారు?"

"అడగలేదు మేడమ్. రాసేవాళ్ళ వివరాలైతే మాకు కావాలి గానీ, చదివేవాళ్ళవి దేనికి?"

గడియ తీసి, మెట్లు దిగి, పరుగున వీధిలోకి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. బస్సుల కోసం నిలబడ్డ ప్రతి ముఖమూ వెతికింది.

ఆ పుస్తకానికి లోకం మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క పాఠకుణ్ణి ఆమె మెడ పట్టి గెంటించింది.