కిరాయికి తెచ్చిన లంగా

కావేరి సినిమాలో చేస్తోందని పక్కింటి స్వరూప తండా అంతా చెప్పిందట. నిజానికి అది కాలేజీ మ్యాగజైన్ కవర్‌కు తీస్తున్న ఫొటో. అద్దాల లంబాడా లంగా బరువుకు కావేరి నడుము లాగేస్తోంది.

“జర నవ్వు! నిరుడు కవర్ మీద దీపం బొమ్మ వేస్తే ఒక్క పిల్ల ముట్టలే. ఈ లంగా సూర్యాపేటల కిరాయికి తెచ్చిన,” మ్యాగజైన్ పని చూసే నవనీత మేడం విసుక్కుంది.

“కబడ్డీ జెర్సీల దిగుత మేడం. కోదాడల కప్పు గెలిచింది గా జెర్సీతోనే.”

“జెర్సీ అందరేసుకుంటరు. మీ తండా బట్టలేసుకోనీకి నామోషా?”

“నామోషీ ఎందుకు? మా నాయినమ్మ రోజూ ఏసుకుంటది. నేనెన్నడన్న గిట్ల కాలేజీకొచ్చిన్నా?”

“కవర్ కోసమే కదనే. పిల్లలు సూడాలె.”

“అయితే మీరు గూడ మీ నాయినమ్మ లెక్క గోచి పెట్టి చీర కట్టుకొని నా పక్కన నిలబడుర్రి మేడం.”