ఒక్క పూట భయం

పరీక్ష రోజున పిల్లల భయాన్ని తల్లులు మోయడం ఇప్పుడు ఇంటింటా మామూలే. సుగుణ కూడా కూతురు మేదిని చెవి వెనక అంటించిన, భయాన్ని లాగేసే బిళ్ళ తీసి తన చెవి వెనక అంటించుకుంది. సాయంత్రం దాకా ఆ భయం ఇక తనది.

"తొంభై దాటకపోతే ఇంటికి రాకు," అంది.

మేదిని ఎప్పుడూ లేనిది నవ్వింది. "అలాగేలే అమ్మా," అంటూ వెళ్లిపోయింది.

పప్పు కడుగుతుంటే సుగుణ చేతులు వణికాయి. 'ఆ ఫిజిక్స్ అంటే ఇంత భయమా, తల్లీ!' అనుకుంటూ పుస్తకం తెరిచింది. వణుకు పెరగలేదు. గోడ మీది పరీక్షల టైంటేబుల్ చూసింది. అప్పుడూ ఏమీ కాలేదు.

మొహం కడుక్కుందామని సింకు దగ్గరికెళ్లింది. అద్దంలో తన మొహం కనబడింది.

సుగుణ కెవ్వున అరిచి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.