వదులు ముడి

“ఎవరావిడ?”

భార్య గొంతు తగ్గించే అడిగింది. ఆ తగ్గింపుకే సెలూన్ ఆయనకు చెమటలు పట్టాయి.

అది ఆయన చేసిన మట్టి తలల ప్రదర్శన. ఒక్క తలకూ ముఖం లేదు. అన్నీ వెనక నుంచి చూసినట్టు చేసినవే. జీవితమంతా కుర్చీ వెనక నిలబడి జుట్టు కత్తిరించినవాడు, కాళ్లు మొరాయించాక షాపు వదిలేసి మట్టి పట్టుకుంటే చేతికి వచ్చింది అదే మరి. జనం నవ్వుతారేమోనని రాత్రంతా హడలిపోయాడు. నవ్వారు గానీ, అభిమానంగానే నవ్వారు. పాత గిరాకీల భార్యలు తలల ముందు ఆగి, ఇది మా ఆయనే అని ఇట్టే పట్టేస్తున్నారు. మొగుళ్లు మాత్రం, నాకంత బట్టతల ఎక్కడిదని దెబ్బలాటకు దిగుతున్నారు.

ఆ మగ తలల వరసలో చిట్టచివర ఒక ఆడ తల ఉంది. వదులు ముడి, దానికి అడ్డంగా దోపిన పిన్ను, మెడ మీదికి జారిన రెండు పాయలు, ముడి కింద చిన్న పుట్టుమచ్చ. పుట్టుమచ్చ దాకా చూశాడంటే ఎంత దగ్గర నుంచి చూసి ఉండాలి? భార్యకు ఒళ్లు మండిపోయింది. మీ షాపులో ఆడవాళ్లు అడుగుపెట్టిందెప్పుడని నిలదీసింది.

“నీకు తెలియట్లేదా?” అన్నాడాయన.

“తెలిస్తే అడుగుతానా?”

ఆయన ముఖం వాడిపోయింది. అయితే ఈ పని ఇంతటితో మానేస్తానని గొణిగి, మంచినీళ్ల వంకతో అవతలికి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే అలా తప్పుకుంటాడా అనుకుంది ఆవిడ.

మట్టి పని నేర్పే టీచరమ్మ మీదికి అనుమానం పోయింది. ఆయన సాయంత్రాలన్నీ గడిపింది అక్కడేగా! వెతుక్కుంటూ పక్క గదిలోకి వెళ్లింది. తీరా చూస్తే టీచరమ్మది మగపిల్లాడి క్రాపు. పిన్ను నిలవడానికి కూడా జుట్టు లేదు. దాంతో ఇక హాల్లో కనిపించిన ప్రతి ఆడమనిషి మెడనూ వెనక నుంచి తొంగి చూడటం మొదలుపెట్టింది. ఒకావిడ అది గమనించి బ్యాగు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వచ్చింది కూతురు, ఆఫీసు నుంచి తిన్నగా. తల్లి దాని చెయ్యి పట్టుకుని ఆ తల దగ్గరికి లాక్కెళ్లింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“మీ నాన్న ఘనకార్యం చూడు.”

కూతురు తలను చూసింది, తల్లిని చూసింది. తల్లి భుజాలు పట్టి అటు తిప్పి, ఫోన్‌తో ఒక ఫొటో తీసి చేతికిచ్చింది. వదులు ముడి, పిన్ను, రెండు పాయలు, పుట్టుమచ్చ.

“ఈ మచ్చ నాకెప్పుడొచ్చింది?”

“ఎప్పుడూ ఉంది. చిన్నప్పుడు నీ వీపెక్కి దాన్నే గిల్లేదాన్ని కదమ్మా.”

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆ వెంటనే వాడిపోయిన ఆయన ముఖం గుర్తొచ్చింది. గబగబా మంచినీళ్ల దగ్గరికి నడిచింది. ఆయన ఖాళీ గ్లాసు పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

“అది నేనే,” అంది. “అచ్చం నేనే.”

ఆయన గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఊళ్లోవాళ్లందరి తలలూ కుదిరి ఇంట్లో మనిషిది కుదరకపోతే ఇక తనకెందుకీ విద్య అనిపించిందన్నాడు.

“అయినా నన్నెప్పుడు కూర్చోబెట్టి చేశారు?”

“నేనెక్కడ కూర్చోబెట్టాను? ఈ వయసులో మట్టి పిసుకుడేమిటని అలిగి, నెలల తరబడి నువ్వే అటు తిరిగి కూర్చున్నావు. అంత కదలకుండా కూర్చునేవాళ్లు నాకెక్కడ దొరుకుతారు?”

ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని, సరిగ్గా ఆయనకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“సరే, ఇక ముఖం మొదలుపెట్టండి.”