మాత ముందు టోపీ

"ఇది కూడా పీకేస్తే మా ఆయన ఎట్లా తిరిగొస్తాడు మామయ్యా?" అంది కతరూజా, బురదలోని గుంజను వాటేసుకుని.

ఊరి పెద్ద బొర్తోలో గుంజ మొదట్లో బురద తవ్వుతూనే ఉన్నాడు. ఉప్పుటేట్లో ఓడల దారికి గుర్తుగా పాతిన గుంజలన్నీ పీకెయ్యమని వెనిస్ నుంచి ఉత్తరువు. జెనోవా వాళ్లు పక్క రేవును పట్టేశారు. గుంజలు లేకపోతే బయటివాడి ఓడ బురదలో దిగబడాల్సిందే. మిరియాల బేరాల కోసం, రేవుల కోసం తగువు పడ్డది రెండు పట్నాల పెద్దలు. బురదలో దిగింది మాత్రం ఈ ఊరివాళ్లు.

"వాడికి గుంజలెందుకే అమ్మాయ్? కళ్లు మూసుకుని వస్తాడు," అన్నాడు బొర్తోలో. కతరూజా మొగుడి పేరు జువానే, బొర్తోలోకు అన్న కొడుకు. ఓడలకు దారి చూపడంలో దిట్ట. వేసవిలో యుద్ధానికి వెళ్లాడు, ఇంతవరకూ జాడ లేదు.

ఒక్క గుంజను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని మీది గూట్లో మరియమాత ఉంది. ఆ నీళ్లలో పుట్టినవాడెవడూ ఆమె ముందు టోపీ తీయకుండా పోడు. జువానే అయితే తుఫానులోనూ తెడ్డు వదిలేసి తీస్తాడని ఊరంతా ఎగతాళి చేసేది.

సాయంత్రం వెనిస్ సింహం జెండాతో ఓడొకటి వచ్చింది. గుంజలు లేకపోయినా తడబడకుండా వస్తోంది. మనవాళ్లేనని జనం పొంగిపోయారు. జెండాదేముంది, గుడ్డముక్క, ఎవడైనా కుట్టించుకుంటాడని బొర్తోలో విలుకాళ్లను సిద్ధం చేశాడు. ఎదురెండలో మొహాలు ఆనడం లేదు. ఓడ ముందు కొసన టోపీ పెట్టుకున్న మనిషి నిలబడి దారి చెబుతున్నాడు.

ఓడ మరియమాతను దాటింది.

"టోపీ తీయలేదు," అంది కతరూజా. "మనవాడు కాదు మామయ్యా. కొట్టించు."

బాణాలు వెళ్లాయి. ముందున్నవాడు నీళ్లలో పడ్డాడు. దారి చెప్పేవాడు లేక ఓడ బురదెక్కింది. లోపలున్నదంతా జెనోవా సైన్యమే. ఊరు బతికిందని ఆడవాళ్లు కతరూజాను కావలించుకుని ఏడ్చారు.

పోటు నీళ్లు తీశాక శవం బురదలో వెల్లకిలా తేలింది. తలకు అతుక్కుపోయిన ఎర్ర ఉన్ని టోపీ కతరూజా అల్లిందే. జువానే.

ఆమె కంట నీటిబొట్టు రాలేదు. శత్రువును ఇంటిదాకా తెచ్చినవాడికి చర్చి మట్టి వద్దంది. "టోపీ తీయడానికి వాడికి మొహం చెల్లలేదు," అని ఇంటి దారి పట్టింది.

బొర్తోలో ఏడుస్తూ అన్న కొడుకును ఎత్తబోయి పక్కకు తిప్పాడు.

చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి.