యాటిక్‌లో ఉడత

ఇల్లు చూడ్డానికి వచ్చిన నరసింహ మెట్లెక్కి పైగదిలో అడుగు పెట్టాడో లేదో, నెత్తిమీద ఇంటికప్పు కింద ఉండే యాటిక్‌లో గరగరమని చప్పుడైంది.

ఇంటి యజమాని ఆదిశేషు గుండె జారిపోయింది. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైంది. వచ్చినవాళ్ళంతా ఈ చప్పుడు వినే వెళ్ళిపోయారు. వచ్చేవారం దేశానికి అటు చివరున్న శాంటా క్లారాలో కొత్త ఉద్యోగంలో చేరాలి.

"హీటర్ పైపులండీ. వింటర్ కదా, సౌండ్ చేస్తాయి," అన్నాడు.

నరసింహ చెవి రిక్కించి విన్నాడు. పైపులు కావన్నాడు. ఎలుక కూడా కాదట. ఆదిశేషు వద్దంటున్నా కుర్చీ లాక్కుని ఎక్కి, యాటిక్ మూత పైకి నెట్టాడు.

అరచేతిలో పట్టేంత జంతువొకటి నాలుగు కాళ్ళూ బార్లా చాపి, ఆయన తలమీదుగా గాల్లో తేలుతూ వచ్చి కర్టెన్‌కి అతుక్కుంది. ఆదిశేషు మంచమెక్కేశాడు.

"కంగారు పడకండి, ఎగిరే ఉడత," అన్నాడు నరసింహ నెమ్మదిగా. "పేరుకే గానీ ఇది ఫ్లై చేయదు, గ్లైడ్ చేస్తుంది. ముంజేతి నుంచి మడమ దాకా ఆ చర్మం చూడండి. మణికట్టు దగ్గర మెత్తటి ఎముక పుల్లలా పొడుచుకొచ్చి ఉంటుంది. దాంతో ఆ చర్మాన్ని గొడుగులా విప్పుతుంది."

తోక అలా బల్లపరుపుగా ఉండేది వాలేముందు వేగం తగ్గించుకోవడానికన్నాడు. ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి గనక, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదన్నాడు. చలికాలంలో పదేసి ఒకే గూట్లో ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయని చెబుతున్నప్పుడు ఆయన గొంతు కూడా మెత్తబడింది. టవల్ కప్పి దాన్ని సుతారంగా పట్టుకుని, మళ్ళీ యాటిక్‌లో వదిలి మూత వేశాడు.

ఆదిశేషుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఎవరో పెద్ద జువాలజీ ప్రొఫెసర్ దొరికాడు. చప్పుడు విని పారిపోయే మనిషి కాదు, చూసి ముచ్చటపడే మనిషి. కిందికి దిగుతూనే, ఈయన ప్రొఫెసరని భార్య ఆండాళ్ చెవిలో ఊది, సంతకాల కాగితాలు తెమ్మని సైగ చేశాడు.

ఆండాళ్ కాఫీతోపాటే కాగితాలూ తెచ్చింది.

"ఏ యూనివర్సిటీలో పాఠాలు చెప్తారండీ అన్నయ్యగారూ?" అని మర్యాదగా అడిగింది.

"యూనివర్సిటీ ఏంటమ్మా, నేను డేటా సెంటర్‌లో సర్వర్లు చూస్తాను," అన్నాడు నరసింహ బూట్లు తొడుక్కుంటూ. "మా యాటిక్‌లో ఇవి ఇరవై దాకా ఉన్నాయి. వాటి బాధ పడలేకే ఇల్లు మారదామని చూస్తున్నాం."